విండోస్ 11 అప్‌గ్రేడ్ నాలుగుసార్లు వెనక్కి తిరిగిన కంప్యూటర్: ఒక కేస్ స్టడీ

ఇళ్ళలో వాడే కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఈ మధ్య చేతికొచ్చిన వాటిలో నన్ను ఎక్కువ రోజులు తిప్పింది ఈ కేసే. అందుకే మొదటి నుంచి చివరిదాకా, నేను దారి తప్పిన చోట్లు కూడా దాచకుండా రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్నవాళ్ళకీ, ఇంట్లో సొంతంగా అప్‌గ్రేడ్ చేసుకుంటూ మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళకీ నేను పోగొట్టుకున్న రెండు సాయంత్రాలైనా మిగిలితే చాలు.

కంప్యూటర్ ఒక రిటైరైన టీచర్ గారిది. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5-8400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ ఉన్న 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఫోటోలు దాచుకోవడానికి 1 టీబీ హార్డ్ డిస్క్. లోపల విండోస్ 10, దాని ఆఖరి వెర్షన్ 22హెచ్2. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 14 అక్టోబర్ 2025తో ఆగిపోయింది. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 13 అక్టోబర్ 2026 వరకు తీసుకునే ఈఎస్‌యూ అనే దారి ఉందని ఆవిడకి చెప్పాను. "అది అయిపోయాక మళ్ళీ ఇదే టెన్షన్ కదా బాబూ, ఏదో ఇప్పుడే చేసెయ్యి" అన్నారు. ఆ మాట నాకూ సబబే అనిపించింది, ఎందుకంటే ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ విండోస్ 11కి అర్హత ఉన్న జాబితాలోదే.

మరి అన్నీ తుడిచేసి కొత్తగా విండోస్ 11 వేసేస్తే పోయేదిగా అని ఎవరైనా అడుగుతారు. మామూలుగా అయితే నేనూ అదే అంటాను. కానీ ఆవిడ ఏళ్ళ తరబడి కూర్చి పెట్టుకున్న వంశవృక్షం ఒక పాత సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళు దాన్ని ఎప్పుడో మానేశారు, ఇన్‌స్టాలర్ ఫైల్ ఎక్కడా లేదు, లోపల ఉన్న డేటాని వేరే ఫార్మాట్‌లోకి పూర్తిగా బయటికి తీసే వీలు కూడా లేదు. ఉన్నదాన్ని కదపకుండా పైన విండోస్ 11 ఎక్కించాలి, ఇన్‌ప్లేస్ అప్‌గ్రేడ్ అంటామే, అదొక్కటే దారి.

నాకంటే ముందు ఇంట్లోవాళ్ళు ఎవరో పీసీ హెల్త్ చెక్ (విండోస్ 11కి కంప్యూటర్ సరిపోతుందో లేదో చెప్పే సాధనం) నడిపి చూశారు. సెక్యూర్ బూట్ లేదు, టీపీఎం 2.0 లేదు, ఈ కంప్యూటర్ పనికిరాదు అని వచ్చిందట. సెక్యూర్ బూట్ అంటే నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ లేచేలా చూసే కాపలా, టీపీఎం అంటే రహస్య కీలు దాచే భద్రతా భాగం, విండోస్ 11 రెండూ అడుగుతుంది. కొత్తది కొనాలేమో అన్న బెంగతోనే ఆవిడ నాకు ఫోన్ చేశారు. ఎనిమిదో తరం బోర్డులో టీపీఎం దాదాపు ఎప్పుడూ ఉంటుంది, చిప్ రూపంలో కాకపోతే ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌లోనే, ఇంటెల్ దాన్ని పీటీటీ అంటుంది, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డ్ సెట్టింగుల్లో, అది ఆఫ్‌లో ఉంటుంది, అంతే. కాబట్టి "లేదు" అన్న మాటని "ఆన్‌లో లేదు" అని చదువుకోవాలి. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) కొన్ని విలువలు పెట్టి ఈ తనిఖీని దాటేసే చిట్కాలు చాలానే తిరుగుతున్నాయి. అసలు వస్తువు పెట్టెలోనే ఉండగా దాన్ని లేనట్టు చూపించి దొడ్డిదారిన వెళ్ళడం నాకు నచ్చదు.

మొదట చేసిన పని బ్యాకప్. ఎస్‌ఎస్‌డీ మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా బయటి హార్డ్ డిస్క్‌కి తీశాను. తీసి ఊరుకోలేదు, ఆ ఇమేజ్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి వంశవృక్షం ఫోల్డర్ బయటికి కాపీ చేసి చూశాను. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

తర్వాత రన్ బాక్స్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 అని కొట్టి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ దగ్గర "లెగసీ" అని ఉంది, అంటే పాత పద్ధతిలో బూట్ అవుతోంది. ప్రాసెసర్ అంత కొత్తదై ఉండి విండోస్ లెగసీలో ఎందుకు ఉంది? టీచర్ గారిని అడిగితే తెలిసింది: పాత కంప్యూటర్ పోయినప్పుడు అందులోని డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఈ ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయించారు, పాత గ్రాఫిక్స్ కార్డ్ కూడా అలాగే తెచ్చి ఇందులో పెట్టించారు. అంటే పెట్టె కొత్తది, లోపల డిస్క్ అమరిక మాత్రం పాత ఎంబీఆర్ పద్ధతిలోది. సెక్యూర్ బూట్ కావాలంటే యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ అవ్వాలి, విండోస్ యూఈఎఫ్‌ఐలో బూట్ అవ్వాలంటే డిస్క్ జీపీటీ అనే కొత్త అమరికలో ఉండాలి.

ఈ మార్పిడికి విండోస్‌లోనే ఎంబీఆర్‌టూజీపీటీ అనే కమాండ్ ఉంది, 2017లో వచ్చిన విండోస్ 10, 1703 వెర్షన్ నుంచి. డేటా పోకుండా అమరిక మాత్రం మారుస్తుంది. ముందు వాలిడేట్ అనే స్విచ్‌తో నడిపి, చేయగలదో లేదో చూసుకోవాలి. నడిపాను. డిస్క్ అమరిక సరిపోలేదంటూ ఆగిపోయింది. కారణం డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే కంటికి కనిపించేదే. ఈ కమాండ్‌కి ఎంబీఆర్ డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు (డిస్క్‌ని విడగొట్టిన భాగాలు) మూడుకి మించి ఉండకూడదు, ఇక్కడ నాలుగు ఉన్నాయి. నాలుగోది పాత కంప్యూటర్ తయారీదారు పెట్టిన రికవరీ పార్టిషన్. ఆ కంప్యూటరే లేనప్పుడు దాని రికవరీ దేనికి? ఇమేజ్ బ్యాకప్‌లో అదీ ఉంది కాబట్టి ధైర్యంగా డిస్క్‌పార్ట్ కమాండ్‌తో తీసేశాను. ఓవర్‌రైడ్ అన్న మాట జోడిస్తే తప్ప అది పోదు. ఆ మాట కొట్టే ముందు సెలెక్ట్ చేసిన పార్టిషన్ నంబర్‌ని రెండుసార్లు చూసుకోండి, అక్కడ పొరపాటైతే అడగడం ఉండదు, పోవడమే.

ఈసారి వాలిడేట్ దాటింది, కన్వర్ట్ కూడా అయ్యింది. చివర్లో ఒక హెచ్చరిక వచ్చింది, రీఏజెంట్ ఫైల్‌ని అప్‌డేట్ చేయలేకపోయాను, విన్‌ఆర్‌ఈని (విండోస్ రికవరీ భాగాన్ని) మీరే ఒకసారి డిసేబుల్ చేసి ఎనేబుల్ చేయండి అని. చూసి కంగారు పడాల్సిందేమీ లేదు, రీఏజెంట్‌సీ కమాండ్‌తో ఆ రెండూ వరసగా చేస్తే సరిపోతుంది. ఇంకొక మాట. డ్రైవ్‌కి డేటాని తాళం వేసి ఉంచే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఉంటే ఇదంతా మొదలుపెట్టకముందే సస్పెండ్ చేయాలి, 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉండాలి. ఇక్కడ లేదు కాబట్టి ఆ బాధ తప్పింది.

ఇక బయోస్. పాత పద్ధతి బూట్‌ని నడిపించే సీఎస్‌ఎం అనే సెట్టింగ్ ఆఫ్ చేశాను, పీటీటీ ఆన్ చేశాను, సేవ్ చేసి రీస్టార్ట్ చేశాను. స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కీబోర్డ్ లైట్ వెలుగుతోంది, బొమ్మ మాత్రం రాలేదు, కనీసం బోర్డ్ లోగో కూడా. టీచర్ గారు పక్కనే కుర్చీలో కూర్చుని నా ముఖం వంక చూస్తున్నారు.

బోర్డ్ లోగో కూడా రాలేదంటే విండోస్‌తో గానీ మార్చిన డిస్క్‌తో గానీ సంబంధం లేదు, విషయం అంతకంటే ముందు దశలోనే ఉంది. మార్చినవాటిలో బొమ్మతో సంబంధం ఉన్నది సీఎస్‌ఎం ఒక్కటే. పాత గ్రాఫిక్స్ కార్డుల్లో, ముఖ్యంగా 2012కి ముందు వచ్చిన వాటిలో చాలావాటికి, యూఈఎఫ్‌ఐకి బొమ్మ ఎలా చూపించాలో తెలియజెప్పే జీఓపీ అనే భాగం ఉండదు. సీఎస్‌ఎం ఉన్నంతకాలం అది పాత పద్ధతిలో నెట్టుకొస్తుంది, సీఎస్‌ఎం తీసేస్తే కార్డు మూగబోతుంది. పవర్ ఆపి, వైర్ తీసి, ఆ కార్డుని స్లాట్ నుంచి లాగేసి, మానిటర్ కేబుల్‌ని బోర్డ్ మీది పోర్ట్‌కి పెట్టాను. ఐ5-8400లో సొంత గ్రాఫిక్స్ ఉన్నాయి కాబట్టి వెంటనే బొమ్మ వచ్చింది. ఆవిడ చేసే పనులకి ఆ పాత కార్డు అవసరం ఏ కోశానా లేదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేని మోడల్ అయితే మాత్రం (పేరు చివర ఎఫ్ ఉండేవి) సీఎస్‌ఎం జోలికి వెళ్ళేముందే జీఓపీ ఉన్న కార్డు ఒకటి దగ్గర పెట్టుకోవాలి.

సెక్యూర్ బూట్ దగ్గర చిన్న మెలిక. బయోస్‌లో ఎనేబుల్ అని పెట్టినా విండోస్‌లో చూస్తే ఆఫ్ అనే చూపిస్తోంది. బోర్డ్‌లో కీలు ఎక్కలేదు, సెటప్ మోడ్‌లో ఉండిపోయింది. ఫ్యాక్టరీ కీలు లోడ్ చేయమనే ఆప్షన్ నొక్కాక ఆన్ అయ్యింది. టీపీఎం డాట్ ఎంఎస్‌సీ తెరిస్తే స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని వచ్చింది. పీసీ హెల్త్ చెక్ మళ్ళీ నడిపితే అన్నీ పచ్చటి టిక్కులే. ఇక గంటలో అయిపోతుంది అనుకున్నాను.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది.

విండోస్ 11 ఐఎస్‌ఓ ఫైల్‌ని (ఇన్‌స్టాల్ డిస్క్ నకలు) మౌంట్ చేసి సెటప్ నడిపాను. ఫైళ్ళు కాపీ అయ్యాయి, రీస్టార్ట్ అయ్యింది, శాతం మెల్లగా పెరుగుతూ పోయింది, ఇంకోసారి రీస్టార్ట్ అయ్యింది, ఉన్నట్టుండి మార్పులు వెనక్కి తీస్తున్నాను అన్న వాక్యం వచ్చింది. చివరికి మళ్ళీ విండోస్ 10 డెస్క్‌టాప్, దాని మీద చిన్న కిటికీలో 0ఎక్స్8007001ఎఫ్ - 0ఎక్స్3000డి అనే కోడ్. కింద ఒక వాక్యం: ఫస్ట్ బూట్ దశలో మైగ్రేట్ డేటా పని చేస్తుండగా ఇన్‌స్టాలేషన్ విఫలమైంది.

నేను చేసిన మొదటి తప్పు ఏమిటంటే, ఆ వాక్యాన్ని వదిలేసి కోడ్‌లో మొదటి సగాన్ని పట్టుకున్నాను. చివరి ఆ 1ఎఫ్ అంటే మామూలు లెక్కలో 31. విండోస్‌లో 31వ నంబర్ ఎర్రర్‌కి రాసి ఉన్న అర్థం "సిస్టమ్‌కి తగిలించిన ఒక పరికరం పనిచేయడం లేదు" అని. ఆ మాట చదవగానే నా బుర్ర నేరుగా పరికరాల మీదికి పోయింది. పైగా అంతకు ముందే గ్రాఫిక్స్ కార్డ్ దగ్గర దెబ్బతిన్నాను కదా, దోషి అదేనని లోపల తీర్పు కూడా ఇచ్చేసుకున్నాను.

ప్రింటర్, స్కానర్, వెబ్‌క్యామ్, ఫోటోల హార్డ్ డిస్క్, అన్నీ తీసేసి కీబోర్డ్, మౌస్ మాత్రం ఉంచి రెండోసారి నడిపాను. అదే చోట, అదే కోడ్. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ని తీసేశాను, పాడైన సిస్టమ్ ఫైళ్ళని బాగుచేసే డిస్మ్ రీస్టోర్‌హెల్త్, ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్లు రెండూ నడిపాను, సెటప్‌ని డైనమిక్ అప్‌డేట్ (మధ్యలో ఇంటర్నెట్ నుంచి అప్‌డేట్లు తెచ్చుకోవడం) లేకుండా మూడోసారి పెట్టాను. అదే చోట, అదే కోడ్. ఒక్కో ప్రయత్నానికి, వెనక్కి తిరగడంతో కలిపి, గంటన్నర పైనే. రెండు సాయంత్రాలు అలా పోయాయి.

మూడోసారి కూడా కోడ్ ఒక్క అక్షరం మారకుండా వచ్చేసరికి ఆగి ఆలోచించాను. వదులైన కేబులో, సరిగ్గా పనిచేయని యూఎస్‌బీ పరికరమో అయితే ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట పడుతుంది. ఇంత కచ్చితంగా ఒకే మెట్టు మీద జారుతోందంటే అక్కడ ఏదో రాతపూర్వకంగా ఉంది, ఏ ఫైల్‌లోనో, ఏ రిజిస్ట్రీలోనో.

అప్పుడు కోడ్‌లో రెండో సగం సరిగ్గా చదివాను. చాలామంది దీన్ని పట్టించుకోరు, నేనే అందుకు ఉదాహరణ, కానీ ఇంటి దగ్గర అప్‌గ్రేడ్ చేసుకునేవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు. మొదటి సగం ఏం జరిగిందో చెప్పడానికి ప్రయత్నిస్తుంది, చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. రెండో సగం ఎప్పుడు, ఏ పని చేస్తుండగా జరిగిందో చెబుతుంది, అది సూటిగానే చెబుతుంది. 3000డిలో మొదటి అంకె దశ. 1 అంటే పాత విండోస్ నడుస్తుండగానే జరిగే సన్నాహం, 2 అంటే సేఫ్ ఓఎస్, మధ్యలో కొంతసేపు లేచే చిన్న విండోస్, 3 అంటే కొత్త విండోస్ మొదటిసారి లేవడం, 4 అంటే రెండోసారి లేవడం. చివర ఉన్న అక్షరం లేదా అంకెలు పని. సి అంటే ఇమేజ్ పరచడం, డి అంటే డేటాని పాత నుంచి కొత్తకి మార్చడం, 17 అంటే బూట్. సి1900101 - 20017 అని వస్తే చిన్న విండోస్ బూట్ అవుతుండగా పడిందని, అక్కడ డ్రైవర్‌ని అనుమానించడం న్యాయమే. నాకు వచ్చింది 3000డి. కొత్త విండోస్ లేచింది, డ్రైవర్లు పట్టాయి, తెర వెలిగింది. ఆ తర్వాత మనుషుల అకౌంట్లు, వాళ్ళ సెట్టింగులు, ఫైళ్ళు లోపలికి తెచ్చుకునేటప్పుడు పడింది. అంటే వెతకాల్సింది యూజర్ల దగ్గర.

దానికి లాగ్ కావాలి. సి డ్రైవ్‌లో దాగి ఉండే ఒక ఫోల్డర్ ఉంటుంది, డాలర్ గుర్తుతో మొదలయ్యి విండోస్ అన్న పేరు, చివర బీటీ. దాంట్లో సోర్సెస్, దాంట్లో పాంథర్. అక్కడ సెటప్‌ఎర్, సెటప్‌యాక్ట్ అనే రెండు లాగ్ ఫైళ్ళు. సోర్సెస్‌లోనే రోల్‌బ్యాక్ అనే ఇంకో ఫోల్డర్, వెనక్కి తిరిగినప్పటి లాగ్‌లు అందులో. సెటప్‌ఎర్ చిన్నది, ఎర్రర్లు మాత్రమే ఉంటాయి. సెటప్‌యాక్ట్ చాలా పెద్దది, వేల వరసలు. ముందు చిన్నదాంట్లో ఆఖరి ఎర్రర్ సమయం చూసుకుని, పెద్దదాంట్లో అదే సమయం దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి పైకి చదువుకుంటూ పోవాలి. ఆఖరి వరసలో ఉండేది పడిపోయాక వేసిన కేక మాత్రమే, కాలికి ఏం తగిలిందో దానికి కొంచెం పైన ఉంటుంది. సెటప్‌డయాగ్ అనే మైక్రోసాఫ్ట్ సాధనం ఈ చదివే పని తనే చేసి ఒక ఫైల్‌లో సారాంశం రాసిపెడుతుంది. విండోస్ 10, 2004 వెర్షన్ నుంచి సెటప్ విఫలమైతే అది తనంతట తనే నడుస్తుంది, ఫలితం విండోస్ ఫోల్డర్‌లోని లాగ్స్‌లో సెటప్‌డయాగ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. మొదటి విఫలం నుంచే ఆ ఫైల్ అక్కడ ఉంది. నేను తెరవలేదు.

తెరిస్తే యూజర్ ప్రొఫైల్‌ని (ఒక అకౌంట్ తాలూకు సెట్టింగులు, ఫైళ్ళు) కొత్త విండోస్‌లో నిలబెట్టలేకపోయానని ఉంది. సెటప్‌యాక్ట్‌లో అదే చోట ఒక సిడ్ కూడా ఉంది, అంటే ఎస్-1-5-21తో మొదలయ్యి పొడుగ్గా సాగే అకౌంట్ గుర్తింపు సంఖ్య, చివర 1003. టీచర్ గారి అకౌంట్ 1001. మరి ఈ 1003 ఎవరు?

రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, ప్రొఫైల్ లిస్ట్. కంప్యూటర్‌లో ప్రొఫైల్ ఉన్న ప్రతి అకౌంట్‌కీ అక్కడ ఒక గది ఉంటుంది. ఎస్-1-5-18, 19, 20 సిస్టమ్ సొంతవి, వాటిని ముట్టకూడదు. తర్వాత 1001 ఉంది. తర్వాత 1003, దాని కిందే మళ్ళీ 1003, చివర డాట్ బీఏకే తగిలించి ఉంది. రెండూ యూజర్స్ ఫోల్డర్‌లో ఒకే పేరున్న ఫోల్డర్‌ని చూపిస్తున్నాయి. ఆ ఫోల్డర్ అక్కడ లేదు.

"టీచర్ గారూ, ఈ పేరుతో ఇంకెవరైనా దీన్ని వాడేవారా?" అని అడిగాను.

"మా అబ్బాయి. వాడు ఉద్యోగానికి వెళ్ళిపోయాక జాగా చాలట్లేదని వాడి ఫోల్డర్ నేనే తీసేశాను. ఫోటోలన్నీ ముందే వాడికి ఇచ్చేశాలే. ఏం, నేనేమైనా తప్పు చేశానా బాబూ?"

ఆవిడ ముఖం చూస్తే జాలేసింది. తప్పేమీ లేదండీ, ఎవరైనా అలాగే చేస్తారు అని చెప్పాను, అది నిజం కూడా. ఫోల్డర్ తీసేస్తే అకౌంట్ పోయిందనుకుంటాం. రిజిస్ట్రీకి ఆ సంగతి తెలియదు. ఆ తర్వాత ఎప్పుడో ఆ అకౌంట్‌తో మళ్ళీ లాగిన్ అయినప్పుడు ఫోల్డర్ దొరక్క విండోస్ ఒక టెంపరరీ ప్రొఫైల్ ఇచ్చి ఉంటుంది, అసలుదాని పేరు చివర బీఏకే తగిలించి పక్కన పెట్టడం అప్పుడే జరుగుతుంది. విండోస్ 10 ఈ రెండు ఖాళీ గదులతో ఏళ్ళ తరబడి హాయిగా నడిచింది, ఎవరూ ఆ తలుపు తట్టలేదు కాబట్టి. అప్‌గ్రేడ్ మాత్రం జాబితాలో ఉన్న ప్రతి పేరునీ పిలిచి, వాళ్ళ సామాను కొత్త ఇంట్లోకి మోయాలని చూస్తుంది. పిలిస్తే పలికేవాళ్ళు లేరు, మోయడానికి సామాను లేదు.

ముందు ప్రొఫైల్ లిస్ట్ మొత్తాన్ని ఒక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్నాను. తర్వాత రెండు 1003 గదుల్నీ తీసేశాను, కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో ఆ యూజర్‌ని కూడా తీసేశాను. గత ప్రయత్నాల చెత్త ఇంకేమైనా మిగిలి ఉంటే అందులోని అరకొర ప్రొఫైళ్ళు కూడా ఇదే ఎర్రర్ తెప్పించగలవు, అందుకని డిస్క్ క్లీనప్‌లో సిస్టమ్ ఫైళ్ళ వైపు వెళ్ళి పాత విండోస్ ఇన్‌స్టలేషన్లు, తాత్కాలిక సెటప్ ఫైళ్ళు ఊడ్చేశాను. లాగ్‌లు కూడా ఆ ఊడ్పులో పోతాయి, వాటిని ముందే పక్కకి కాపీ చేసుకున్నాను.

నాలుగోసారి. ఈసారి నమ్మకంగా ఉన్నాను.

అదే చోట, అదే కోడ్.

కానీ ఈసారి పరికరాల వైపు వెళ్ళలేదు. నేరుగా లాగ్ తెరిచాను. కోడ్ అదే, లోపల పేరు మాత్రం వేరు. 1003 ఎక్కడా లేదు, 1006 అని ఉంది. ప్రొఫైల్ లిస్ట్‌ని మొదటిసారి చూసినప్పుడు ఈ 1006 నా కంటపడింది, అది చూపించే ఫోల్డర్ యూజర్స్‌లో ఉంది కాబట్టి బాగానే ఉందనుకుని వదిలేశాను. మైగ్రేషన్ మొదటి అడ్డం దగ్గరే ఆగిపోతుంది, దాని వెనక ఇంకెన్ని ఉన్నాయో చెప్పదు. ఒకటి తీస్తే గానీ రెండోది కనిపించలేదు.

1006 మనిషి కాదు. ఒకప్పుడు వేసి, తర్వాత తీసేసిన ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన రాత్రి పనుల కోసం సొంతంగా సృష్టించుకున్న యూజర్. అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు యూజర్‌ని తీసింది, ప్రొఫైల్‌ని వదిలేసింది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో యూజర్ ప్రొఫైల్స్ సెట్టింగులు తెరిస్తే, పేరు ఉండాల్సిన చోట "అకౌంట్ అన్‌నోన్" అని కనబడుతోంది. నేను మొదటే చూడాల్సిన కిటికీ అది. యజమాని లేని ప్రొఫైళ్ళన్నీ అక్కడ ఆ పేరుతోనే వరసగా నిలబడి ఉంటాయి, రిజిస్ట్రీలో అంకెలు పోల్చుకునే పని లేదు. ప్రొఫైల్ తీసేయడానికి సరైన చోటు కూడా అదే, ఫోల్డర్‌నీ రిజిస్ట్రీ గదినీ రెండింటినీ కలిపి తీస్తుంది.

డిలీట్ నొక్కితే ఒప్పుకోలేదు. ఫోల్డర్ లోపల కొన్ని ఫైళ్ళకి అడ్మినిస్ట్రేటర్‌కి కూడా అనుమతి లేదు, పోయిన ఆ యూజర్ ఒక్కడికే ఉంది. టేక్‌ఓన్ కమాండ్‌తో ఫోల్డర్‌ని నా చేతిలోకి తీసుకుని, ఐకాకిల్స్ కమాండ్‌తో అనుమతులు ఇచ్చుకుని, లోపల ఏముందో ఒకసారి చూశాను. పాత లాగ్‌లు, తాత్కాలిక ఫైళ్ళు తప్ప ఏమీ లేవు. టీచర్ గారికి కూడా చూపించి, సరే అన్నాక తీసేశాను. ఆ తర్వాత మళ్ళీ డిలీట్ నొక్కితే పోయింది. ఇప్పుడు ప్రొఫైల్ లిస్ట్‌లో సిస్టమ్ సొంతవి మూడు, టీచర్ గారిది ఒకటి. యూజర్స్ ఫోల్డర్‌లో ఆవిడది, పబ్లిక్, డిఫాల్ట్. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకటికి ఒకటి సరిపోయిందని చూసుకున్నాను.

సెటప్‌ని కంపాట్ స్కాన్‌ఓన్లీ అనే స్విచ్‌తో నడిపి ముందే పరీక్షించి ఉండాల్సింది కదా అని ఒక తోటి టెక్నీషియన్ అన్నాడు. మొదటి ప్రయత్నానికి ముందే నడిపాను. ఏ అడ్డూ లేదన్నట్టు సి1900210 అనే జవాబు వచ్చింది. ఆ స్కాన్ సరిపడని సాఫ్ట్‌వేర్‌నీ, డ్రైవర్‌నీ, డిస్క్‌లో జాగానీ చూస్తుంది, మంచిదే, నేను ప్రతిసారీ నడుపుతాను. కొత్త విండోస్ లేచాక ప్రొఫైళ్ళు మోయడంలో ఏం జరుగుతుందో అది ముందే చెప్పలేకపోయింది.

ఐదోసారి పెట్టాను. మొదటి రీస్టార్ట్, రెండో రీస్టార్ట్, ఇంతకుముందు వెనక్కి తిరిగిన చోటు దాటింది, ఇంకో రీస్టార్ట్, లాగిన్ తెర. టీచర్ గారు పాస్‌వర్డ్ కొట్టి, మొదట వంశవృక్షం తెరిచారు. వాళ్ళ ముత్తాత గారి పేరు దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి కొమ్మలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటూ కిందికి వచ్చారు. ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మిగిలిన తనిఖీలు త్వరగానే అయ్యాయి. యాక్టివేషన్ ఉంది, బోర్డ్ మారలేదు కాబట్టి డిజిటల్ లైసెన్స్ దానంతట అదే పట్టుకుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులు లేవు. రీఏజెంట్‌సీ ఇన్ఫో ఎనేబుల్డ్ అని చూపించింది. ప్రింటర్, స్కానర్, వెబ్‌క్యామ్ ఒక్కొక్కటే తగిలించి చూశాను, అన్నీ పలికాయి. వెనక్కి వెళ్ళాలంటే 10 రోజుల గడువు ఉంటుంది, ఆ లోపు పాత విండోస్ అంతా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది, ఈ 10 రోజులూ రోజూ చేసే పనులన్నీ ఒకసారి చేసి చూడండి, జాగా కోసం ఆ ఫోల్డర్‌ని తీయకండి అని చెప్పి వచ్చాను.

ఒక్కటి మిగిలింది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణని ఆన్ చేయబోతే, సరిపడని డ్రైవర్ ఒకటి ఉందని ఆగింది. పేరు చూస్తే ఆ తీసేసిన గ్రాఫిక్స్ కార్డ్‌తో వచ్చిన ఫ్యాన్ వేగం మార్చే సాధనానిది. కార్డ్ పోయింది, డ్రైవర్‌ని తీసేశాను, ఈ చిన్న తోక మాత్రం డ్రైవర్ స్టోర్‌లో (విండోస్ డ్రైవర్లు దాచుకునే చోట) మిగిలిపోయి అప్‌గ్రేడ్‌తో పాటు కొత్త విండోస్‌లోకి కూడా వచ్చేసింది. పీఎన్‌పీయుటిల్ కమాండ్‌తో డ్రైవర్ల జాబితా తీసి, దాని ఓఈఎం నంబర్ పట్టుకుని, డిలీట్ డ్రైవర్, అన్‌ఇన్‌స్టాల్ అని కొట్టాను. రీస్టార్ట్ చేశాక మెమరీ ఇంటిగ్రిటీ ఆన్ అయ్యింది.

పదకొండో రోజు టీచర్ గారే ఫోన్ చేశారు, అన్నీ బాగానే ఉన్నాయి, ఇక ఆ పాత ఫోల్డర్ తీసేయొచ్చా అని. యూజర్స్‌లో చేసినట్టు చేత్తో తీయకుండా స్టోరేజ్ సెట్టింగుల్లోంచి ఎలా తీయాలో ఫోన్‌లోనే చెప్పాను, ఆవిడే తీశారు.